పల్లపు వీధికి వెళ్ళని వ్యాను

బడి వ్యాను నడిపే ఆయన్ని పిల్లలంతా నిదానం మామ అనేవాళ్ళు. గుంత కనబడితే దిగి దండం పెట్టి మరీ దాటిస్తాడని టీచర్లు ఎగతాళి చేసేవాళ్ళు. వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ మాత్రం ఆయన్ని అన్నా అని పిలిచేది. ఆయనది మిట్టవీధి, ఆవిడది పల్లపు వీధి. రెండు వీధులవాళ్ళూ మొక్కేది ఒకే దేవుడికి, మొక్కే తీరే వేరు.

"మీవాళ్ళ ప్రార్థన అంత గబగబా అయిపోతుందేంటన్నా, పొయ్యి మీద పాలు పెట్టి వస్తారా?" అనేదావిడ.

"మీలాగా సాగదీస్తే దేవుడికి కునుకు పట్టదూ?" అనేవాడాయన.

మిట్టవీధి ప్రార్థన మందిరంలో బాంబు పేలిన పొద్దున ఆయన తమ్ముడు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఆస్పత్రిలో మోకాలి మీది పాత కుట్లు చూసి తమ్ముణ్ణి గుర్తుపట్టాడు. చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తూ తను కింద పడేసినప్పుడు వేసిన కుట్లవి.

మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. ముఖానికి గుడ్డ కట్టుకున్న తుపాకుల ముఠావాడెవడో, పల్లపు వీధి తరఫున ఈ పని తామే చేశామన్నాడు. నిదానం మామకు ఒళ్ళు మండింది. ఆ ముఠా మొన్నమొన్ననే అన్నం అడగడానికి వస్తే వీధి వీధంతా తలుపులు వేసుకుందని ఆయమ్మే చెప్పింది.

తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చేసరికి ఇంటిముందు జనం పోగయ్యారు. చేతుల్లో కర్రలు, పెట్రోలు డబ్బాలు. ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఆగండ్రా! ఆ వీధివాళ్ళు ఈ ముఠావాళ్ళని గడప కూడా తొక్కనివ్వలేదు. ఇప్పుడు మనం పోయి కొంపలు తగలబెడితే, దిక్కులేక వీళ్ళ కాళ్ళమీదే పడతారు. వీళ్ళకి కావలసింది అదే. మనం రెచ్చిపోవాలనే మనవాళ్ళని చంపారు!"

తమ్ముడి భార్య గోడ పట్టుకుని లేచింది. "ఆయన మీద పోసిన మట్టి ఇంకా ఆరలేదు బావగారూ. మీకు అప్పుడే వాళ్ళమీద జాలి పుట్టుకొచ్చిందా?"

ఆ మాటతో జనం ఆయన్ని తోసుకుంటూ వాలు దిగిపోయారు. ఆయన ఆయమ్మకు ఫోన్ చేసి, "వెనక సందులోంచి వెళ్ళిపో తల్లీ" అని మాత్రం అనగలిగాడు. ఆవిడా, పెద్దకొడుకూ బయటపడ్డారు. మంచం పట్టిన అత్తగారిని మోసుకుపోయే వ్యవధి లేకపోయింది.

మర్నాడు ముఠావాళ్ళు తుపాకులతో వచ్చి పల్లపు వీధి మొదట్లో కాపలా నిలబడ్డారు. మొన్న తలుపులు వేసుకున్న ఆ ఇళ్ళలోంచే వాళ్ళకి అన్నం గిన్నెలు వచ్చాయి. సైన్యం వచ్చి రెండు వీధుల మధ్య ముళ్ళకంచె వేసింది. ఇకనుంచి మిట్టవీధి పిల్లల్ని తెస్తే చాలని బడివాళ్ళు చెప్పారు.

చాలాకాలానికి ఆస్పత్రిలో, మందులిచ్చే కిటికీ దగ్గర ఆయమ్మ కనబడింది. మనిషి సగమైపోయింది.

"పెద్దాడెలా ఉన్నాడమ్మా?"

"వాళ్ళలో కలిశాడు. నేనే పంపానన్నా."

"వాళ్ళెవరో తెలిసే పంపావా?"

"తెలియకేం? మీ తమ్ముణ్ణి చంపింది వాళ్ళే. కానీ మా అత్తని కాల్చింది మీవాళ్ళు. ఇప్పుడు మా గుమ్మం ముందు తుపాకీ పట్టుకుని నిలబడింది ఎవరు? నన్నేం చేయమంటావు, చెప్పు."

ఆవిడ మందులు కొంగున కట్టుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది.

నిదానం మామ ఇంకా వ్యాను నడుపుతున్నాడు. ఒకరోజు ముందు సీట్లో కూర్చున్న చిన్నపిల్ల, "మామా, ఆ కింద వీధివాళ్ళందరూ బాంబులు చేస్తారట కదా?" అని అడిగింది.

"ఛ, ఎవరన్నారే? అవన్నీ అబద్ధాలు" అనబోయాడు. ఆయమ్మ కొడుకు కళ్ళముందు మెదిలాడు. ఆ పిల్ల ఆయన ముఖంకేసే చూస్తోంది. గేరు మార్చాడు.