ఏడు దాటని ముల్లు

బానెట్ ఎత్తే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడే మెకానిక్కు మా తాతయ్య ఒక్కడే. ఇంజను చల్లబడిందో లేదో చూడ్డానికి కాదు, తన వణుకు తగ్గిందో లేదో చూసుకోడానికని అత్తయ్య ఎగతాళి చేస్తుంది. ప్రతి గొట్టానికీ రెండు క్లిప్పులు బిగించి ఇంటికొస్తాడు, అన్నం ముందునుంచి లేచి వెళ్ళి మూడోది బిగిస్తాడు. షెడ్డుల్లో ఆయన పేరే మూడో క్లిప్పు.

"ఆ మూడోది ఉండబట్టే నవ్వడానికి మీరింకా బతికున్నారు" అంటాడాయన.

అలాంటి మనిషి కూతురు, అంటే మా అత్తయ్య, పాత టర్బో కారొకటి కొంది. వారం తిరక్కుండా ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో బొటనవేలంత ఇత్తడి బూస్ట్ కంట్రోలరు, గుండ్రటి మీటరు, నల్లటి రబ్బరు గొట్టం ఉన్నాయి.

"బిగించు నాన్నా."

"ఉన్న వేగం చాలట్లేదా?"

"రోజూ కొండెక్కి డ్యూటీకి పోయేది నువ్వా నేనా? లారీల పొగ తాగలేక చస్తున్నా. నువ్వు కాకపోతే ఎవడో ఒకడు బిగిస్తాడులే."

ఎవడో బిగిస్తాడన్న భయం, తను బిగించాలన్న భయం కంటే పిసరంత పెద్దది. తాతయ్య లొంగిపోయాడు.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని కుక్కే చక్రం. ఇక చాలనగానే ఒక బుల్లి తలుపు తెరుచుకుని దాని జోరు తగ్గిస్తుంది. ఆ 'చాలు' అనే కబురు సన్నటి గొట్టంలో గాలి ఒత్తిడిగా తలుపుకి చేరుతుంది. ఆ గొట్టం కోసి మధ్యలో కంట్రోలరు పెడితే కబురు ఆలస్యమవుతుంది, ఈలోగా ఇంకాస్త గాలి, ఇంకాస్త పరుగు. మరీ ఎక్కువైతే ఇంజను పగులుతుంది. అది కనిపెట్టడానికే మీటరు.

మీటరు గొట్టాన్ని ఇంజను గాలి పీల్చుకునే చోట కలపాలి. అక్కడ కంపెనీవాళ్ళు వేసిన మంచి గొట్టం ఉంది. తాతయ్య రెండుసార్లు కత్తి దగ్గరికి తీసుకెళ్ళి, రెండుసార్లూ వెనక్కి తీశాడు. చెయ్యి రాలేదు. ఎలాగూ ఒకటి కోశాం కదా, ఇంకోదానికి గాటెందుకని, కంట్రోలరుకీ తలుపుకీ మధ్య ముక్కకే మీటరు తగిలించాడు. క్లిప్పులు మాత్రం మూడేసి.

ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే ముల్లు ఏడు దగ్గర ఆగింది. పది రావాలి. తాతయ్య కంట్రోలరు మీది మర ఒక చుట్టు తిప్పాడు. ఏడే. ఇంకో చుట్టు. ఏడే.

"సీటు నన్ను వెనక్కి తోసేస్తోంది నాన్నా, ముల్లు కదలదేం?"

"నీ వీపు అబద్ధం చెప్తుందేమో గానీ ముల్లు చెప్పదు" అని మరో చుట్టు తిప్పాడు.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి, అత్తయ్య అటునుంచటే డ్యూటీకి కొండదారి పట్టింది. తాతయ్య చేతులు కడుక్కుంటూ మురిసిపోయాడు: బండి నిలిపి ఇంజను ఊరికే తిరగనిచ్చినప్పుడు ముల్లు సున్నా మీద ఎంత బుద్ధిగా కూర్చుందని!

సబ్బు జారిపడింది.

ఊరికే తిరిగే ఇంజను గాలిని లోపలికి లాక్కుంటుంది. ముల్లు సున్నాకి కిందికి దిగాలి. దిగలేదంటే అది ఇంజనును చూడట్లేదు, తలుపుకి చేరే కబురును చూస్తోంది. ఆ తలుపు తెరుచుకునేదే ఏడు దగ్గర, కనక అక్కడ మర ఎంత తిప్పినా ఏడే. ఇంజనులో పదిహేనో, ఇరవయ్యో!

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోనెత్తితే చెయ్యి విరగ్గొడతానని బెదిరించింది ఆయనే. జన్మలో ఒక్కసారి తండ్రి మాట వినడానికి అత్తయ్యకి ఆరోజే దొరికింది.

ముసలి స్కూటరు దగ్గుతూ కొండెక్కింది. ప్రతి మలుపులోనూ ఆయన ముందు లోయ వైపు చూశాడు, ఆ తర్వాతే రోడ్డు. నూనె మరక కనిపిస్తే ఆగి, వేలితో రాసి వాసన చూశాడు. పగిలిన బంపరు ముక్క కనిపిస్తే దిగి, అది ఏ రంగు కారుదో చూశాడు.

పైన, రోడ్డు పక్కన, బానెట్ లేపి ఉంది. అత్తయ్య రాయి మీద కూర్చుని ఉంది.

"డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడొచ్చింది నాన్నా. వెంటనే కాలు తీసేశా. ఒట్టు, ముల్లు ఏడు దాటలేదు."

"ముల్లుది కాదే తల్లీ. తప్పు నాది. కొయ్యడానికి భయపడ్డా."

ఎప్పుడూ ఏదో ఒకటి అంటించే అత్తయ్య లేచి వెళ్ళి స్కూటరులోంచి పానాలు తెచ్చి ఇచ్చింది. అది ఆయన్ని ఇంకా భయపెట్టింది.

కంట్రోలరు, మీటరు పీకేసి, గొట్టం మునుపటిలా కలిపి, స్టార్ట్ చెయ్యమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏం వినిపిస్తోంది?"

"నా గుండె. నువ్వు మాట్లాడకు."

చాలాసేపటికి, "తిరుగుతోంది. లోపల ఏం పగిలిందో విప్పితే గానీ తెలీదు" అన్నాడు.

అత్తయ్య కారు నెమ్మదిగా దిగింది. తాతయ్య స్కూటరు మీద వెనకే, కళ్ళు దాని పొగగొట్టానికి అతికించి దిగాడు. నల్ల పొగ వస్తే ఒక భయం, తెల్లది వస్తే ఇంకో భయం. అసలేమీ రాకపోయేసరికి, ఇంటిదాకా అదో భయం.