ఆ చివరి రెండు పేజీలు నావి

టీచరమ్మ పోయారన్న కబురు కురుపాం నుంచి వచ్చిన బస్సు కండక్టరు తెచ్చాడు. అప్పుడు నేను కొట్లో పద్దు రాస్తున్నాను. కబురు విని కూడా ఆ పేజీ పూర్తిచేసే లేచాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

ఆమె పుట్టింది కొండమీది ఊళ్ళో. గుమ్మలక్ష్మీపురం దగ్గర ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మూడు నవలలు రాశారు. మూడూ వెక్కిరింత నవలలే. కొండల గురించి వారపత్రికల్లో వచ్చే ప్రేమ సీరియళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. వాటిలో కింద నుంచి ఒక ఆఫీసరు వస్తాడు. జలపాతం దగ్గర తలనిండా పూలు పెట్టుకుని కొండపిల్ల పాడుతూ ఉంటుంది. ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతాడు. పిల్ల ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోతుంది.

"నా సిన్నప్పట్నుంచీ ఈ గుంట సస్తానే ఉంది తమ్ముడూ. ఒక్కసారైనా దాన్ని బతికించాల" అనేవారు నాతో.

ఆమె రాసిన ప్రతి అధ్యాయం ముందు సంతలో చదవాలి. సంతరోజు చీపుర్లు, చింతపండు అమ్మే ఆడవాళ్ళ మధ్య కూర్చుని గట్టిగా చదివేవారు. నా చేతిరాత బాగుంటుందని సాపు ప్రతి రాసే పని నాకిచ్చారు. వాళ్ళు నవ్విన చోట నేను పెన్సిలుతో గీత పెట్టాలి. నవ్వని చోట ఆమే కొట్టేసేవారు. "ఈళ్ళు నవ్వలేదంటే నేను అబద్ధం రాసినట్టే."

ఒక వారం, కొండపిల్ల కట్టెల మోపుతో కొండెక్కుతూ పాట పాడిందని చదివారు. ఒక ముసలమ్మ అడ్డుపడింది.

"ఓలమ్మ! మోపెత్తుకొని పాడతాదేటి? ఊపిరెక్కడి నుంచి తెత్తాది?"

"ఇలాటి కథలు రాసేటోళ్ళు ఎప్పుడూ మొయ్యలేదు కదా అత్తా" అన్నారు టీచరమ్మ.

"అయితే ఆ ఆపీసరు బాబుకే ఎత్తు. పాడతాడేమో సూద్దుం."

పక్కన మేకలు బేరమాడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. మరుసటి సంతకి నవలలో మోపు ఆఫీసరు నెత్తిమీదికి ఎక్కింది. పాట రెండో మలుపు దగ్గరే ఆగిపోయింది.

మొదటి రెండు నవలలూ అచ్చుకి పంపితే తిరిగొచ్చాయి. మూడోదానికి ఒక ప్రచురణకర్త జవాబు రాశాడు. అంతా సరదాగా ఉంది, చివర్లో మాత్రం అమ్మాయి చనిపోవాలి, పాఠకురాలు ఏడవాలి, అలా అయితేనే వేస్తాం అని. టీచరమ్మ ఉత్తరం చదివి నా చేతిలో పెట్టారు.

"ఏడిపించడానికి నేనెందుకు, ఉల్లిపాయ సాలదా? కుదరదని రాసీ తమ్ముడూ."

నేను అలా రాయలేదు. ఆమె పుస్తకం అచ్చులో చూడాలన్న ఆశ ఆమెకన్నా నాకే ఎక్కువ. పైగా నేను బడికి పోయి చదువుకున్నవాణ్ణి కాను. కొట్లో పొట్లాలు కట్టే పాత వారపత్రికల సీరియళ్ళతోనే చదవడం నేర్చుకున్నాను. ఆ ఏడుపు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఆమె రాసిన ముగింపు తీసేసి, కొండపిల్లను రెండు పేజీల్లో చంపేశాను. ఒక పూట కూడా పట్టలేదు. ఆమె ఒప్పుకున్నారని రాసి పంపేశాను.

పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది కూడా. చివర్లో పిల్ల చచ్చేసరికి అంతకు ముందున్న వెక్కిరింతంతా జనానికి కొండవాళ్ళ అమాయకత్వంగా కనబడింది. టీచరమ్మ కొట్టు గుమ్మంలో నిలబడే ఆ రెండు పేజీలు చదివారు.

"ఇది నీదేనా?"

తలూపాను.

"బాగా రాసినావు" అన్నారు.

తిట్టినా బాగుండేది. అందరికీ నిజం చెప్పేయండి అని బతిమాలాను. "సెప్తే ఏటవుద్ది? జాలిపడతారు. నాకు నవ్వు కావాల గాని జాలెందుకు?" అన్నారు. ఆ తర్వాత సంతలో చదవలేదు. రాయనూ లేదు. నాతో మాత్రం మాట మానలేదు. కనబడినప్పుడల్లా నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేవారు. అది భరించడం నాకు కష్టంగా ఉండేది.

మొన్న సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీలో ఆమె కళ్ళజోడు తీసేసి, తలలో పూలు పెట్టి, వెనక జలపాతం వేశారు. ఒకాయన వేదికెక్కి, ఆమె కలం నుంచి వచ్చిన అమృతం అంటూ నా రెండు పేజీలూ చదివాడు. ముందు వరుసలో వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

జీవితంలో ఎప్పుడూ సభలో లేవని నేను లేచాను. "అవి ఆమెవి కావు. నేను రాశాను. ఆమె వద్దన్నారు" అన్నాను.

అధ్యక్షుడు మైకు దగ్గరకు లాక్కున్నాడు. "చూశారా అభిమానం! ఆమె రాసిన ప్రతి అక్షరం తన గుండెలోదే అంటున్నారు గుమస్తాగారు!" చప్పట్లు మోగాయి. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఇంకోసారి చెప్పబోయాను. దానికీ చప్పట్లు కొట్టారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె రాసిన అసలు ముగింపు నా దగ్గరుంది. ఒక్క మాట కూడా మార్చకుండా దించుతున్నాను:

"మూడేళ్ళకు ఆఫీసరు తిరిగొచ్చాడు. ఘాటు రోడ్డు కింద సర్వీసు ఆటో ఆగింది. నడుపుతున్నది ఆమే. అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'నన్ను గుర్తుపట్టావా?' అన్నాడు. 'రోజుకి ఎంతమందో ఎక్కుతారు బాబూ. బేగి ఎక్కు, కాళ్ళు లోపలెట్టు' అంది. వెనక బస్తాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కావిడ తన కోడిని అతని ఒళ్ళో పెట్టి, పట్టుకోమంది. ఆటో కొండెక్కుతోంది. అతను ఏడుస్తూనే ఉన్నాడు. కోడి ఒకసారి తలెత్తి అతని మొహం చూసి, కళ్ళు మూసుకుంది."