నూట పన్నెండో హిస్టిడిన్

పిస్కాటవేలో నా రూమ్మేటూ, ల్యాబ్‌లో నా పక్క సీటూ ఒకే మనిషి. ఆమె పోయిన పదకొండో రోజున యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం నుంచి మా ప్రొఫెసర్‌కి మెయిల్ వచ్చింది. నెలాఖరుకి ఆమె అకౌంట్ మూసేస్తారు, కావలసిన ఫైళ్లు ఈలోగా కాపీ చేసుకోవాలి. ఆ పని ఆయన నాకు అప్పగించారు.

మేమిద్దరం కంప్యూటర్‌లో కదిలించి చూసేది ఒకే ప్రోటీన్. అందులో నూట పన్నెండో స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. శరీరంలో ఉండే పీహెచ్ దగ్గర హిస్టిడిన్ ప్రోటాన్‌ను పట్టుకోవచ్చు, వదిలేయవచ్చు. మామూలు సిమ్యులేషన్‌లో ఆ రెండిట్లో ఏదో మొదటే మనం నిర్ణయిస్తాం, చివరిదాకా మారదు. ప్రోటీన్ ఎక్స్‌రే చిత్రం చూసి నేను ప్రోటాన్ లేదని పెట్టాను. మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ పెట్టేదీ అదే. పీహెచ్‌ని మాత్రం స్థిరంగా ఉంచి, ప్రోటాన్‌ను రానూ పోనూ ఇచ్చే పద్ధతి వాడదామని ఆమె అంది. అది చాలా నెమ్మది.

"ఒక్క ఫోటో జూసి సంబంధం ఖాయం జేసినట్టుందే నీ సెటప్," అంది ఒకరోజు క్యాంపస్ బస్సులో. "ఆ ఫోటోల ప్రోటాన్ కనవడనే కనవడదు."

"పేపర్ సబ్‌మిట్ చేసేశాను. మేలో పీహెచ్‌డీ డిఫెన్స్. ఇప్పుడు కదపకే తల్లీ."

"నీది నేనెందుకు కదుపుత? నా రన్ నేను పెట్టుకుంట."

తర్వాత గ్రూప్ మీటింగ్‌లో ప్రొఫెసర్ అడిగితే ఆ రన్ దండగ అన్నాను. ఆమె పక్కనే కూర్చుని ఉంది. మూడు వారాలకు మెదడులో రక్తనాళం చిట్లి ల్యాబ్ మెట్ల మీద పడిపోయింది.

ఆమె క్యూలో పెట్టిన రన్‌లు ఆమె పోయాక కూడా యూనివర్సిటీ కంప్యూటర్లలో ఆరు రోజులు నడిచాయి. ఫైళ్లు తెరిచి చూశాను. నాలుగు రన్‌లు, నాలుగూ ఒకటే మాట. ఎక్కువ సమయం హిస్టిడిన్ మీద ప్రోటాన్ ఉంది. అది ఉన్నప్పుడల్లా, మందు అణువు వెళ్లి కూర్చుంటుందని నేను పేపర్‌లో రాసిన చోటు మూసుకుపోతోంది.

కాపీ చేయకుండా వదిలేస్తే నెలాఖరు తర్వాత ఎవరికీ తెలిసేది కాదు. రెండు రోజులు వదిలేశాను కూడా. మూడో రోజు గ్రాఫ్ ప్రొఫెసర్‌కి పంపి, నా పేపర్ వెనక్కి తీసుకుంటానని రాశాను. మేలో డిఫెన్స్ కుదరదన్నారు ఆయన. ఆమె ఫలితాలతో రాసే కొత్త పేపర్‌లో మొదటి పేరు ఆమెదే ఉండాలన్నాను. సరేనన్నారు.

ఆ పేపర్ పంపేటప్పుడు ఫారంలో, రచయితలందరూ చివరి ప్రతి చదివి ఒప్పుకున్నట్టు టిక్ పెట్టాలి. నా పేరు ఎదుట పెట్టాను. ఆమె పేరు ఎదుట పెట్టలేదు. ఆమె ఒప్పుకుని ఉండేదో లేదో నాకు తెలియదు. అడగాల్సినప్పుడు అడగలేదు.