ఇస్త్రీపెట్టెకు లొంగని జుట్టు

టైలరమ్మ చేతికి లొంగని గుడ్డ లేదు. జారిపోయే సిల్కునైనా, మొండికేసే జీన్సునైనా మిషను కింద పెట్టి దారికి తెచ్చేది. అంతటి మనిషిని మూడు చెరువుల నీళ్ళు తాగించింది మాత్రం సొంత కూతురి జుట్టు.

బుజ్జిది అచ్చం మేనత్త పోలిక. గుప్పెటకు అందనంత ఒత్తుగా రింగుల జుట్టు, ఎంత నూనె రాసినా కాసేపటికే ఎండిపోయేది. టైలరమ్మది నున్నగా జారే జుట్టు. ఆమెకు తెలిసిన విద్య ఒకటే: సన్నపళ్ళ దువ్వెనతో నడినెత్తి నుంచి కిందికి ఒకే లాగుడు. ఆ దువ్వెన కనబడితే చాలు, బుజ్జి మంచం కింద దూరేది. రోజూ పొద్దున్నే అరుపులు, తిట్లు, ఏడుపు.

బడిలో ఫోటో తీస్తారనగా ముందురోజు ఆమెకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ముడతపడ్డది ఏదైనా ఇస్త్రీకి లొంగాల్సిందే కదా! కూతురి జుట్టును ఇస్త్రీ బల్ల మీద పరిచి, పైన తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టె నడిపింది. మొదట బాగానే ఉంది. ఇంతలో గుడ్డ పక్కకు జరిగింది. గదంతా కమురు వాసన. చెవి పక్కన ఒక పాయ మాడి పొడిపొడిగా రాలింది. చర్మానికి తగలకపోవడం అదృష్టమే గానీ ఆవిడ తెలివి కాదు.

బుజ్జి ఏడవలేదు.

"గుండు చేయించెయ్యమ్మా. అప్పుడు నన్ను తిట్టవుగా," అంది.

టైలరమ్మ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. ఇన్నాళ్ళూ తను తిట్టేది జుట్టునే అనుకుంది. పిల్లకు అలా వినిపించలేదు.

ఇక మిగిలిన దిక్కు వదిన ఒక్కతే. భర్తకు అక్క, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని, ఇల్లు పక్క వీధిలోనే. అదే రింగుల జుట్టు ఆమె తల మీద ముచ్చటగా ఉంటుంది. కాకపోతే కాపురానికి వచ్చిన కొత్తలో టైలరమ్మ ఆ జుట్టును "గిన్నెలు తోమే పీచు" అని నవ్వడం వదిన చెవిన పడింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం. ముఖం చెల్లకపోయినా సరేనని పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళింది.

వదిన తలుపు తీసి, మాడిన పాయను చూసింది.

"ఇస్త్రీ చేశావా?"

"చేశాను వదినా. నా బుద్ధి గడ్డి తింది."

"సరేలే, లోపలికి రండి."

వదిన పిల్లకు తలంటి, అరచేతి నిండా కండిషనరు పట్టించింది. జుట్టును పాయలుగా విడదీసి, పెద్దపళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వచ్చింది.

"ఎండిన జుట్టు జోలికి పోకు. తడి మీదున్నప్పుడే చిక్కు తియ్యి. తువ్వాలుతో రుద్దకు, మెత్తటి పాత గుడ్డతో అద్దు. ఆ తర్వాత రెండు చుక్కల నూనె చాలు."

"అంతేనా?"

"అంతే. ఓపిక మాత్రం నువ్వే తెచ్చుకోవాలి, అది సీసాల్లో అమ్మరు."

మంచం కింద దూరే పిల్ల మేనత్త ఒళ్ళో తల వాల్చి నిద్రపోయింది. టైలరమ్మకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి.

"ఇదంతా అత్తయ్యగారు నేర్పారా?"

"మా అమ్మా! తనకు చేతకాక నేను పెద్దదాన్నయ్యేదాకా గుండే కొట్టించింది. తర్వాత నా తిప్పలు నేనే పడ్డాను. నా తల ఇంతవరకూ ఇంకొకరు దువ్వింది లేదు," అంది వదిన, పక్కింటి సంగతి చెబుతున్నట్టు.

ఇవాళ ఇక్కడికి రాకపోతే పెద్దయ్యాక బుజ్జి కూడా ఎవరితోనో ఈ మాటే చెప్పేది. టైలరమ్మ లేచి దువ్వెన అందుకుంది.

"ఇటు తిరిగి కూర్చోండి వదినా."

"నాకెందుకే ఇప్పుడు?"

"కూర్చోండి. తప్పు చేస్తే చెప్పండి."

వదిన మెల్లగా పిల్ల తల దిండు మీదికి మార్చి, జుట్టు తడుపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ ఒక పాయ తీసుకుని కొసల దగ్గర మొదలుపెట్టింది. కొంతసేపటికి వదిన భుజాలు కదలడం చూసి చెయ్యి ఆపింది.

"నొప్పిగా ఉందా వదినా?"

వదిన లేదన్నట్టు తల ఊపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆపకు," అంది.