చెలికత్తెను ఎవరడిగారు?

నిన్న మానుకోటలో కారం పట్టించడానికి గిర్నికి వెళ్లాను. మర తిరగడం మొదలవగానే ఎర్రటి పొడి గాలిలోకి లేచి, ముక్కులో మంట పెట్టి, నాచేత వరుసగా ఆరు తుమ్ములు తుమ్మించింది. గిర్ని నడిపే ఆమె "అవ్వా, జర దూరం కూసోరాదు, నీకెందుకు గింత తిప్పలు" అంది. నేను జరగలేదు. కళ్లలో నీళ్లు కారుతుంటే అక్కడే కూర్చున్నాను. నాకు నోరంటూ వచ్చింది ఈ ఘాటులోనే అని ఆమెకు ఎలా చెప్పను? నాకు మాట నేర్పింది రాహేలక్క. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె పేరు ఒకే ఒక్కసారి అచ్చులో కనిపించింది, ఆ పక్కనే నా పేరు కూడా ఉంది. చెప్పుకోవాలంటే నాకు గర్వమే. ఈ వయసులో దాన్ని దాచుకుని ఏం చేస్తాను?

దొరల మీద సంఘం ఊరూరా లేచిన రోజులవి. మా ఊరు జనగామకు రెండు కోసుల దూరం. నాకు పదహారేళ్లు. మా అమ్మ ఊరి దొర గడీలో వెట్టి చేసేది. నేను ఆ ఏడంతా జనగామ స్టేషను దగ్గరి సావుకారు కొట్టానికి మిరపకాయల తొడిమెలు తీసే పనికి నడిచి పోయేదాన్ని. ఇరవై మంది ఆడవాళ్లం ఎవరి కుప్ప ముందు వాళ్లం కూర్చునేవాళ్లం. పొద్దెక్కేసరికి చేతులు భగ్గున మండేవి, ఇంటికి పోయి ఆముదం రాసుకున్నా మంట తగ్గేది కాదు. అందరికీ దూరంగా, గోడవారన రాహేలక్క కుప్ప ఉండేది. ఆమె భర్త రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగుమనిషి. చిన్నప్పుడు మిషను బడిలో ఐదో తరగతి దాకా చదువుకుంది. కులం పేరు చెప్పి ఆమెను అంత దూరంలో కూర్చోబెట్టింది ఎవరో కాదు, మేమే. ఆ సంగతి దాచిపెట్టి ఆమెను పొగడడం నాకు చేతకాదు.

ఒకనాడు మధ్యాహ్నం గటక తాగాక ఆమె కొంగులోంచి పల్చటి పుస్తకం తీసి తనలో తాను నవ్వుకుంటూ చదవసాగింది. బెజవాడ రైల్లో పుస్తకాలమ్మే మనిషి దగ్గర వాళ్లాయన నెలకొకటి కొనుక్కొచ్చేవాడట. పేరు చాలా పెద్దది, మేమంతా 'రెక్కలరాజు కథ' అనేవాళ్లం. హేమలేఖ అనే రాజకూతురు. ప్రతి పున్నమికీ మబ్బుల్లోని పట్నం నుంచి ఆమె కోసం దిగివచ్చే రెక్కల రాకుమారుడు. అతనికో శాపం: కాలు నేలకు తగిలితే ఆమెను మరిచిపోతాడు. సత్తెమ్మ అనే ఆవిడ ఉండబట్టలేక "గట్టిగ చదువక్కా" అంది. "గట్టిగ చదివితే నా కుప్ప ఎవరు తీస్తరు?" అంది రాహేలక్క. తలా ఒక దోసెడు ఆమె కాయలకు తొడిమెలు తీసేట్టు ఒప్పందం కుదిరింది. కానీ గోడ దగ్గర చదివితే ఇవతలికి వినబడేది కాదు. ఆమెను లేచి రమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి మేమే మా కుప్పలు ఈడ్చుకుంటూ రోజుకింత జరిగాం. కథ మూడో పుస్తకానికి వచ్చేసరికి నా మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది.

ఆమెకో నియమం ఉండేది. ఒక భాగం అయిపోగానే పుస్తకం మూసి, అందరి మొహాలూ చూసి, "ఇగ మీ మాట చెప్పుండ్రి. చెప్పనోళ్లకు రేపు కథ లేదు" అనేది. అప్పుడు చూడాలి ఆ కొట్టం! అందరికన్నా పెద్దది రాజవ్వ. మొగుడు బతుకుదెరువుకని పోయి ఇరవై ఏళ్లయినా తిరిగి రాని మనిషి. "రెక్కలున్నోడు ఇంట్ల ఉంటడానె? నేనైతే ఆ రెక్కలు కత్తిరించి పొయ్యిల పెడుదు" అనేది. సత్తెమ్మ మొగుడు సంఘం దళంలో చేరి కొత్తగూడ అడవుల్లోకి వెళ్లాడు. ఆమె కయ్యిమని లేచేది. "ఆయన మరిచిపోతె అది శాపం, ఆయన తప్పా? వస్తడు. తప్పకుంట వస్తడు." ఇద్దరూ తిట్టుకునేవాళ్లు. ఇద్దరికీ కళ్లలో నీళ్లు. మిరప ఘాటుకని ఒకరు, దుమ్మని ఒకరు అనేవాళ్లు. రాహేలక్క తీర్పు చెప్పేది కాదు. ఇంటికి పోతూ ఒకసారి నాతో అంది: "కథ మీద చెప్పే మాట ఎవరి బతుకులకెల్లి వాళ్లకు వస్తదే నర్సమ్మా. అందుకే ఎవ్వరిదీ కొట్టెయ్య. మా చర్చి అయ్యగారు గిసొంటి కథలు చదవద్దంటడు. చదివి ప్రార్థన చేసుకుంట. కథలంటే దేవునికి కోపమెందుకుంటది?"

నేను మాత్రం ఏమీ చెప్పేదాన్ని కాదు. "అందరి మాటే నా మాట" అనేదాన్ని. "అందరిదీ ఒకటి కాదు గదనే, ఎవరి దిక్కు?" అని నవ్వేది రాహేలక్క. కొత్తదాన్నని వారం, సిగ్గని వారం ఓపిక పట్టింది. నిజానికి నా నెత్తి మీద వేరే బండ ఉంది. మా దొర కూతురికి పెళ్లి కుదిరింది. అత్తగారి ఊరు మహదేవపూర్ అవతల, గోదారి ఒడ్డున. మా దిక్కు దొరల బిడ్డ అత్తింటికి పోతే, ఊళ్లో ఒక పేదింటి పిల్లను కూడా సారెతో పాటు పంపేవాళ్లు. ఆడబాప అనేవాళ్లు. ఆ పిల్లకు పెళ్లి లేదు, పిల్లలు లేరు, తిరిగి రావడం లేదు. రాత్రి ఎవరు పిలిస్తే వాళ్ల గదికి పోవాలి. ఆ ఏడు నా పేరు చెప్పారు. సంఘం వచ్చి వెట్టి లేదని చాటింది కాబట్టి దొర ఈసారి హుకుం పంపలేదు, "అడిగి పంపుతున్నం" అని కబురు పెట్టాడు. అడిగింది మా అమ్మను. అమ్మ అటూ ఇటూ కాకుండా తల ఊపి వచ్చింది. "కడుపు నిండ తింటవు బిడ్డా" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నన్నయితే ఎవరూ అడగలేదు.

అట్లాంటి రోజుల్లోనే ఐదో పుస్తకం వచ్చింది. అందులో హేమలేఖ మబ్బుల పట్నానికి వెళ్లిపోతుంది. అక్కడ అడుగు పెట్టినవాళ్లు నూరేళ్ల దాకా నేలకు దిగకూడదు. తల్లిని వదలాలి, రాజ్యాన్ని వదలాలి, ఆమె వదిలేసింది. వెంట చెలికత్తె మంజరి కూడా వెళ్లింది. మంజరి గురించి రాసింది ఒక్క ముక్క, సంతోషంగా వెళ్లిందని. రాహేలక్క పుస్తకం మూయగానే కొట్టం రెండుగా చీలింది. "కన్నతల్లిని ఇడిసిపెట్టిపోయింది, దాని పేమ పాడుగాను" అంది రాజవ్వ. "మనసైనోని వెంట పోకుంటె ఎవరెంట పోతది?" అంది సత్తెమ్మ. ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. నా గొంతులోంచి ఏదో వచ్చింది, నాదని నాకే తెలియలేదు.

"హేమలేఖ పేమకు పోయింది. మంజరి ఎందుకు పోయింది? ఆమెను ఎవరన్న అడిగిన్రా?"

"ఓ యవ్వో, ఊరందరిదీ ఒక దారంటె ఉలిపికట్టెది ఒక దారి" అని ఎవరో నవ్వబోయారు. రాహేలక్క చెయ్యెత్తి ఆపింది. నా మొహంలోకి చూసింది. గడీ కబురు ఆమెకు తెలుసు. "గిన్ని దినాలు చదివిన, నాకు తట్టలేదు. మీకెవరికన్న తట్టిందా?" అంది. అందరూ తలలు అడ్డంగా ఊపారు. "అయితే ఈ మాట రాసినోళ్లనే అడుగుదాం" అంది.

పుస్తకం చివర చదువరుల ఉత్తరాలకని ఒక పేజీ ఉండేది. రాహేలక్క పోస్టుకార్డు మీద చీమల్లాంటి అక్షరాలతో మా అందరి మాటలూ రాసింది. రాజవ్వ మాట రాజవ్వ పేరుతో, సత్తెమ్మ మాట సత్తెమ్మ పేరుతో. కార్డు నిండింది. అయినా అంచున నా ప్రశ్న ఇరికించింది. మరుసటి నెల పుస్తకంలో రాజవ్వ మాటా లేదు, సత్తెమ్మ మాటా లేదు. రాహేలక్క పేరు, నా ప్రశ్న, నా పేరు ఉన్నాయి. కింద అచ్చువాళ్ల జవాబు: చెలికత్తె సంగతి కథకు అవసరం లేదు. రాహేలక్కకు ఆ రోజు వచ్చినంత కోపం నేను మళ్లీ చూడలేదు. "అవసరం లేదంట! మనిషిని నూరేండ్లకు మబ్బులల్ల పారేసి, అవసరం లేదంట!" నాకు మాత్రం ఆ పేజీ వదలబుద్ధి కాలేదు. చదవడం రాకపోయినా నా పేరు ఎక్కడుందో వేలుతో తడిమి చూసుకున్నాను. ఆ సాయంత్రమే ఆమె తొడిమెలు పేర్చి నేల మీద 'న' చేసి చూపించింది. నా చదువు అట్లా మొదలైంది.

అదే పుస్తకాన్ని గడీలో చిన్న దొరసాని, ఆ పెళ్లికూతురే, కూడా చదువుతుందని మాకెవరికీ తెలియదు. నాలుగో రోజు పిలుపు వచ్చింది. రాహేలక్క పని మానుకుని రెండు కోసులు నడిచి నా వెంట వచ్చింది. దారిలో చెప్పింది: "నేను నోరు తెరువ. నీ మాట నువ్వే చెప్పాలె. అడగందే అమ్మయినా పెట్టదంటరు, చెప్పందే అమ్మకయినా ఎట్ల తెలుస్తది? నేను నీ ఎనక నిలబడి ఉంట."

గడీ వసారాలో పెద్ద దొరసాని, పక్కన చిన్న దొరసాని. చిన్నామెది నా వయసే. చేతిలో ఆ పుస్తకం. మా అమ్మ ఒక మూల వంగి నిలబడి ఉంది.

"ఈ పేరు నీదేనా?" అంది చిన్న దొరసాని.

"నాదే."

దొరల ముందు మాటమాటకీ అనాల్సిన 'నీ బాంచెన్' నేను అనలేదు. అమ్మ ఉలిక్కిపడింది.

"మంజరికి హేమలేఖ అంటె పానం. సంతోషంగ పోయింది. పుస్తకంల రాసిన్రు గద?"

"రాసినోళ్లు అట్ల రాసిన్రు దొరసాని. మంజరి అయితే చెప్పలేదు."

ఆమె పుస్తకం మూసింది. "నీకేం తక్కువ చేయం నర్సమ్మా. నా వెంట వస్తవా?" అంది. నిజంగానే అడిగింది. ఆ పిల్ల గొంతులో భయం కూడా ఉంది, ఆమె కూడా తెలియని ఊరికి పోతోంది కదా. వెనక రాహేలక్క ఊపిరి వినబడుతోంది.

"అడిగినవు గనుక చెప్తున్న. రాను."

"నాలిక గింత పొడుగైందా!" అని పెద్ద దొరసాని లేచింది. మా అమ్మ ఆమె కాళ్ల మీద పడబోయి, నా మొహం చూసి, ఎందుకో ఆగిపోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని గడప దాటించింది కూడా అమ్మే.

దెబ్బ నా మీద పడలేదు, రాహేలక్క మీద పడింది. గడీ నుంచి మాట పోగానే సావుకారు ఆమెను పనిలోంచి తీసేశాడు. కథ మీద ఏనాడూ ఒక్క మాట మీదికి రాని ఇరవై మందిలో మరునాడు ఒక్కరు కూడా పనికి పోలేదు. ఆ మరునాడూ పోలేదు. ఆమెకు దూరంగా కూర్చోవాలని మొదట పట్టుబట్టిన రాజవ్వే కొట్టం ముందు కూర్చుని, "చదివేటామె రాంది కాయ ముట్టం" అని తిట్లు లంకించుకుంది. మూడో రోజు సావుకారే కబురు పంపాడు. కొద్ది నెలలకు సంఘానికి జడిసి దొర ఇల్లూ వాకిలీ వదిలి పట్నం పోయాడు. కూతురి పెళ్లి అక్కడే అయింది. నా బదులు ఎవరినీ పంపలేదని విచారించి తెలుసుకున్నాను. ఆ గొడవల్లో రైళ్లు బందయ్యాయి. కథ చివరి పుస్తకం రానేలేదు.

తొడిమెలతో నేర్చుకున్న అక్షరాలు పలక మీదికి, పలక నుంచి పరీక్షకు వచ్చాయి. నేను కొత్తగూడలో బడి పంతులమ్మనయ్యాను. పాఠం అయ్యాక "ఇగ మీ మాట చెప్పుండ్రి" అనకుండా ఏనాడూ గంట కొట్టించలేదు. వరంగల్‌లో పాత పుస్తకాల అంగట్లో చివరి భాగం దొరికితే, పట్టుకుని నేరుగా జనగామ దవాఖానకు వెళ్లాను. రాహేలక్క అక్కడ జబ్బుతో మంచం మీద ఉంది. ఈసారి నేను చదివాను, ఆమె విన్నది. శాపం తీరింది, రాకుమారుడికి అన్నీ గుర్తుకొచ్చాయి, పెళ్లయింది.

"మరి మంజరి?" అంది.

"రాయలేదక్కా. ఆమె మాటే ఎత్తలేదు."

"మంచిదాయె. రాయలేదంటె ఇగ ఆమె ఇష్టం. నీ మాట చెప్పు, ఏమైంది మంజరి?"

"నూరేళ్లు ఆగలేదక్కా. దిగి వచ్చింది. రెండు కోసులు నడిచి మిరపకాయల పనికి పోయింది."

ఆమె నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక తల అడ్డంగా ఊపింది.

"నేనొప్పుకోను. గంత దూరం వచ్చి మల్ల మిరపకాయలేనా? మంజరి పంతులమ్మ అయింది. రాసుకో."

అదే మా ఆఖరి వాదం. వారం తిరక్కుండా ఆమె పోయింది. అందులో నేనే ఓడిపోయాను. ముప్పై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన దాన్ని, ఆమె మీద ఎట్లా గెలుస్తాను?