చాకలిపేట ఇళ్ళ గుర్తులు

పోయిన వారం మా ఎదురింటి పాత మిద్దె కూలగొడుతుంటే, పాత ఇళ్ళ ఫోటోలు తీసుకుంటూ ఇద్దరు కాలేజీ పిల్లలు మా వీధికి వచ్చారు. ఆ ఇంట్లో ముందు ఎవరుండేవాళ్ళని అడిగితే, అందరికంటే పెద్దదాన్నని జనం నన్ను చూపించారు. నాలుగు మాటలు చెప్పి, ఐదోది దొరక్క, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధమాడి లోపలికొచ్చేశాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు; నేను చెబుతుంటే పక్కింటి వదిన రాసిపెడుతున్నది. నా ఈడువాళ్ళు చదివి నన్ను తిట్టుకున్నా సరే, ఇది చెప్పాలి.

మాది మద్రాసులో వాషర్‌మెన్‌పేట. అరవవాళ్ళు వణ్ణారపేట అంటారు, మా అత్త మాత్రం చాకలిపేట అనే అనేది. ఇంగ్లీషు కుంఫిణీ కాలంలో బట్టలు ఉతికి తెల్లబరచడానికి తెలుగు సీమ నుంచి వచ్చి దిగినవాళ్ళతోనే ఈ పేట పుట్టిందని, ఆ వచ్చినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారని చెప్పుకుని మురిసిపోయేది. తరతరాలుగా ఈ వీధి బట్టలన్నీ మా ఇంట్లోనే ఉతికేవాళ్ళు. అక్షరం ముక్క రాకపోయినా అత్త దగ్గర ప్రతి ఇంటికీ ఒక గుర్తుండేది. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన పెడితే ఎన్ని ఉతుకులకూ పోదు. మూడు చుక్కల ఇల్లు, కోడికాలి ఇల్లు, నిచ్చెన ఇల్లు, అలా. కాపురాలు మారినా ఇంటి గుర్తు మారదు గనుక, కోడికాలి ఇంట్లో మొదట తాళ్ళమ్మే ఆయన, తర్వాత హార్బరు గుమాస్తా, ఆ తర్వాత పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు అని వరసబెట్టి చెప్పేది. యుద్ధకాలంలో జపానువాళ్ళ బాంబులు పడతాయని పట్నం ఖాళీ అయినప్పుడు, కొత్త కోడలైన ఆమె అందరి బట్టల మూటలూ అటక మీద దాచి, తిరిగొచ్చాక గుర్తు చూసి ఎవరివి వాళ్ళకిచ్చిందట. ఒక్క రుమాలూ తప్పిపోలేదట.

"ఏమే పిల్లా, ఈడ కూసోని ఇవి నేర్చుకోవే, నీ తల్లో మట్టి తప్ప ఇంకేమన్నా ఉండాదా?" అని నన్ను వెక్కిరించేది. నేను నవ్వేసి లేచిపోయేదాన్ని.

తొంభైల్లో మా ఆయన హార్బరులో మూటలు మోసి మోసి జబ్బుచేసి పోయాడు. అప్పటికే కొన్ని ఇళ్ళలోకి బట్టలుతికే మిషన్లు వచ్చి మా పని సన్నగిల్లింది. నేను దగ్గర్లోని ఒక స్కూల్లో ఆయాగా చేరాను. చిన్నపిల్లలకు మంచినీళ్ళు పట్టడం, టిఫిను డబ్బాల మూతలు తీసివ్వడం నా పని. మా కులం తెలిస్తే నా చేతి నీళ్ళు తాగరేమోనని భయపడి, మా అత్తవారిది బట్టల వ్యాపారమని అక్కడ చెప్పుకున్నాను.

ఒకరోజు ఆ స్కూలు టీచరమ్మ, వీధి చరిత్ర రాయించాలని పది మంది పిల్లల్ని వెంటేసుకుని నేరుగా మా వాకిటికే వచ్చింది. నెల్లూరు ఆమె. అరుగు మీదున్న అత్తను చూసి, "అవ్వా, మీరీ వీధిలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు?" అని అడిగింది.

అత్త మొహం వెలిగిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "కూసోమ్మా, ఇది నిలబడి వినే కత కాదు. ఈడ ఒక్కో ఇంటికీ ఒక్కో గుర్తు ఉండాది..." అని మొదలుపెట్టింది.

ఆ గుర్తుల కథ చెబితే మా కులం బయటపడుతుంది. పరుగున వాకిట్లోకి వచ్చి, "ఆమె మాటలు పట్టించుకోవద్దు మేడం. మా వెనక గదిలో బాడుగకుండే ముసలామె, మతి సరిగా లేదు. ఈ వీధి సంగతి ఆమెకేం తెలుసు!" అనేశాను. పిల్లలు కిసుక్కున నవ్వారు.

అత్త నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, నాకేం తెల్దు. నేనీ ఈదికి కొత్త," అన్నది.

టీచరమ్మ పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం నిలబడింది.

ఆ రోజు నుంచి అత్త నన్ను ఏమే పిల్లా అని పిలవడం మానేసింది. అన్నం పెడితే, "మీరు తిన్నారామ్మా?" అనేది, బాడుగకున్న మనిషి ఇంటామెను అడిగినట్టు. ఒక ఆదివారం సిగ్గు చంపుకుని పక్కన కూర్చుని, నిచ్చెన ఇంటి కథ చెప్పమని బతిమాలాను. ఉతికిన చీర మడతపెడుతూ, "నాకేం తెల్దు లేమ్మా," అన్నది. తప్పయిందని కాళ్ళు పట్టుకోవాల్సింది. రేపు పట్టుకుందాం లే అనుకుంటూ రోజులు గడిపాను. ఆ వానాకాలమే ఆమె పోయింది.

ఇప్పుడు మా వీధిలో సగం అపార్టుమెంట్లు. ఎవరి బట్టలు వాళ్ళ ఇంట్లోనే ఉతుక్కుంటారు, పై అంతస్తులో ఎవరున్నారో కింది వాళ్ళకు తెలియదు. నా మనవరాలు మాత్రం తన ఆఫీసులో, మా అవ్వవాళ్ళు బట్టలుతికేవాళ్ళని నవ్వుతూ అరవంలో చెప్పుకుంటుందట. వింటే నాకు సంతోషమే. కాలం మారింది అవ్వా, నీ రోజుల్లో అలా చెప్పుకోలేరుగా అని అది నన్ను ఓదారుస్తుంది. ఆ రోజుల్లోనే, ఆ అరుగు మీదే, చెప్పుకోవడానికి మా అత్త నోరు తెరిచిందని దానికెలా చెప్పను?