వాచీ చాటున

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని బరువు ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఆయనకి తెలీదు. నా కూతురికి తెలీదు. ఎవరి విషయంలో ఆ తప్పు చేశానో ఆ మనిషికి అసలే తెలీదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను చూడలేదు, చూడబోరు కూడా. నా మొహం చూసి మాట మెత్తబరుచుకోవాల్సిన అవసరం మీకు లేదు. పేర్లు మాత్రం మార్చాను.

మాది ఎలమంచిలి దగ్గర ఒక పల్లె. నేనూ, తమ్ముడు చలం. నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడికి మాటలు వచ్చాక మొదట అన్నది అదేనని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పెళ్లై నేను కూర్మన్నపాలెం వచ్చాను, మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. చలం ఐటీఐ చదివి, ఓడలు బాగుచేసే చోట వెల్డరుగా కుదిరి, మల్కాపురంలో కాపురం పెట్టాడు. భార్య నూకరత్నం. ఇద్దరు ఆడపిల్లలు. వాడు అతికిన చోట వేలు పెట్టి రాస్తే అతుకు ఎక్కడుందో తెలీదని వాడితో పనిచేసేవాళ్లు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది, వాడి చేతులు నేనే తయారుచేసినట్టు.

ముప్పై ఎనిమిదో ఏట వాడి కిడ్నీలు పోయాయి. మొదట కాళ్లు వాచాయి. ఎండలో నిలబడే పని కదా అనుకున్నాం. తెలిసేసరికి వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషను మీద ఎన్నాళ్లో ఉండేకంటే కిడ్నీ మార్పిడి మంచిదన్నారు డాక్టరమ్మ. అమ్మకి షుగరు. రత్నం బ్లడ్ గ్రూపు వేరు. నాది సరిపోయింది.

ఆ మాట చెప్పిన రోజు ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అన్నాను. "నా తమ్ముడికి నానిత్తాను. ఇంకెవుల్నీ అడగక్కర్లేదు."

అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. రత్నం కాళ్ల మీద పడబోతే లేవనెత్తాను. ఆ నిమిషంలో నేను అబద్ధమాడలేదు. ఇది ఒక్కటీ మీరు నమ్మాలి. లేక, మీరు నమ్మితే నేనూ నమ్మొచ్చని ఆశా?

ఒకటే అడ్డు. నా బరువు ఎనభై రెండు కిలోలు, బీపీ కూడా కొంచెం ఎక్కువ. డెబ్బైకి దించుకుని వస్తే మిగతా పరీక్షలు చేస్తామన్నారు. నాలుగైదు నెలలు గట్టిగా ప్రయత్నిస్తే అసాధ్యమేమీ కాదన్నారు.

ఆ వారంలోనే చలం ఒక వాచీ తెచ్చాడు. నడక, గుండె వేగం, ఒంట్లో కరిగిన కేలరీలు అన్నీ చూపించే రకం. డయాలసిస్ సూదుల చోట ఇంకా పట్టీ ఉన్న చేత్తోనే నా మణికట్టుకి కట్టాడు. నా వయసు, ఎత్తు, బరువు ఫోన్లో తనే ఎక్కించాడు.

మొదటి నెల నిజాయితీగా చేశాను. సాయంత్రం వంట పని ముగించి క్వార్టర్స్ గ్రౌండ్ చుట్టూ నడిచేదాన్ని. ఇంటికొచ్చి వాచీలో అంకెని ఫోటో తీసి వాడికి పంపేదాన్ని. నాలుగు వందలు. నాలుగు వందల ఎనభై. వాడు ఒక్కోసారి డయాలసిస్ మంచం మీదనుంచే జవాబు పెట్టేవాడు, "సూపరప్పా" అని. నెల తిరిగేసరికి డెబ్బై తొమ్మిదికి వచ్చాను.

తర్వాత ఏం జరిగింది? పెద్దగా ఏమీ జరగలేదు. ఒకరోజు ఆసుపత్రి హాల్లో నా పక్కన ఒకావిడ కూర్చుంది. భర్తకి కిడ్నీ ఇచ్చి రెండేళ్లైందట. నేనూ ఇవ్వబోతున్నానని తెలిసి, నాకు ధైర్యం చెప్పడానికే, చీర కాస్త పక్కకి జరిపి మచ్చ చూపించింది. "ఏటీ అవదమ్మా, నాను మొన్న వరికోతలకి కూడా ఎల్లాను" అని నవ్వింది. నిజానికి ఆ నవ్వు నాకు గుర్తుండాల్సింది. మచ్చ గుర్తుండిపోయింది. స్నానం చేసేటప్పుడు నా చేయి దానంతటదే నడుం పక్కకి వెళ్లి అక్కడ ఆగేది. నాకేమైనా అయితే? అమ్మాయి ఇంటర్లో ఉంది. మత్తులోంచి లేవకపోతే? మిగిలిన ఒక్కటీ పాడైతే?

భయపడటం తప్పని ఇప్పుడు కూడా అనుకోను. చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఎందుకంటే అప్పటికే నాకు పేరొచ్చేసింది. పేరంటాల్లో, పెళ్లిళ్లలో నన్ను చూపించి "తమ్ముడికి కిడ్నీ ఇత్తన్న అప్ప ఈవిడే" అనేవారు. ముసలమ్మలు నా గడ్డం పట్టుకుని దీవించేవారు. ఎంత బాగుండేదో. ఇవ్వని దానికి ఇచ్చినంత మర్యాద ముందే తీసేసుకున్నాను, ఇక వెనక్కి ఎలా ఇవ్వను?

అదే రోజుల్లో ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, నెమ్మదిగా మాట్లాడేది. నేను వాచీ చూపించి రోజుకి ఐదు వందలు కరుగుతున్నాయని చెప్పాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "అది అంచనా మాత్రమే మేడం. చాలాసార్లు ఎక్కువే చూపిస్తుంది. నడవండి, మంచిదే. కానీ అన్ని కరిగాయి కదా అని అంత తినేస్తే బరువు తగ్గదు. అన్నం సగం చేయండి, పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, తాగండి, బయట తిండి మానేయండి, చాలు."

అంటే నాకు తెలుసు. వినలేదని, అర్థం కాలేదని నేను అనలేను. ఆ పిల్ల ఇంత తేటగా చెప్పింది.

ఆ సాయంత్రం నుంచే వాచీ చూసి తినడం మొదలుపెట్టాను.

ఆరు వందలు అని చూపిస్తే ఆరు వందలు నాకు హక్కు అనుకునేదాన్ని. నడక నుంచి వస్తూ జంక్షన్లో మైసూరు బజ్జీ తినేదాన్ని, అంతకుముందు బయట నిలబడి తినడం ఎరగని దాన్ని. కరిగించాను కదా అనుకునేదాన్ని. బట్టలు ఉతికేటప్పుడు, పిండి కలిపేటప్పుడు కూడా వాచీ తీసేదాన్ని కాదు, చేయి ఆడితే అంకె ఎక్కుతుంది. సీరియల్ చూస్తూ ఊరికే చేయి ఊపిన రోజులున్నాయి. ఒంటరిగా, సోఫాలో కూర్చుని, నలభై నాలుగేళ్ల ఆడమనిషిని. ఎవర్ని మోసం చేద్దామని? ఒక్కరోజు కూడా "నేను బరువు తగ్గకూడదు" అని మనసులో అనుకోలేదు, అంత స్పష్టంగా అనుకునే ధైర్యం కూడా నాకు లేదు, కానీ నా చేతులు, నా నోరు, నా కాళ్లు అన్నీ ఆ పనే చేశాయి, ఆ అంకెలు మాత్రం రోజూ చక్కగా ఫోటో తీసి మంచం మీదున్న మనిషికి పంపాను. దాన్ని ఏమనాలి? నాకు తెలీకుండా జరిగిందంటే మీరు నవ్వుతారు.

రెండో నెల డెబ్బై తొమ్మిదే. మూడో నెల ఎనభై. ఐదో నెల ఎనభైకి పైన.

ఆ ఐదో నెల రోజు నాకు బాగా గుర్తు. డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఏమ్మా, తగ్గడం లేదే?" అన్నారు. నేను నోరు విప్పేలోపు చలం లేచాడు. ఫోన్ తీసి నేను పంపిన ఫోటోలు ఒక్కోటీ జరుపుతూ ఆవిడ ముందు పెట్టాడు. "మా అప్ప తప్పేటీ లేదు డాక్టరమ్మా. రోజూ ఆరొందలు కాలుత్తన్నాయి. ఇదిగో సూడండి. ఇది నిన్నది. ఇది మొన్నది."

ఆవిడ ఫోన్ కేసి చూడలేదు. నాకేసి చూశారు. వాడినీ రత్నాన్నీ బయట కూర్చోమన్నారు. తలుపు వేశాక చాలా మామూలుగా అడిగారు. "మీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే నాకు చెప్పండి. మీ ఆరోగ్యానికి కుదరదని మేమే చెబుతాం. మీరు వద్దన్నారని ఎవరికీ తెలీదు. వాళ్లు ఇప్పుడే వేరే దారి చూసుకుంటారు."

తలుపు తీసి పెట్టారు నాకు. నా పరువు పోకుండా, ఎవరికీ నష్టం లేకుండా. ఒక్క మాట చాలు.

"ఇష్టమేనండి" అన్నాను.

ఎందుకన్నాను? ఐదేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆవిడ ఒక్కరికైనా తెలిసిపోతుందనా? లేక, ఇష్టం లేదని నా గొంతుతో నేనే వినాల్సి వస్తుందనా?

బయటికొచ్చాను. చలం బెంచీ మీద ఉన్నాడు.

"ఏటందప్పా?"

"ఏటీ లేదురా. ఇంకొంచెం తగ్గాలంది."

"నీ ఒళ్లు తీరే అంత, అమ్మ పోలిక. నువ్వేటి సేత్తావు? నా గురించి బెంగెట్టుకోకు. తిండి మానేసి నీరసం తెచ్చుకోకప్పా."

వాడు నన్ను ఓదార్చాడు. మొహం ఉబ్బిపోయి, పెదాలు ఎండిపోయి, రోజుకి ఇన్ని గ్లాసులని కొలిచి నీళ్లు తాగే మనిషి. నేను తల ఊపాను. ఆ సాయంత్రం కూడా నడిచాను. ఆ సాయంత్రం కూడా ఫోటో పంపాను.

ఇంకో ఏడు నెలలు అలాగే గడిచాయి. నేను ఇస్తానన్నాను కాబట్టి ఎవరూ వేరే దారి వెతకలేదు. అక్కడుంది నా తప్పంతా. ఇవ్వకపోవడంలో లేదు. ఇస్తానని దారికి అడ్డంగా నిలబడ్డాను.

ఒక సోమవారం పొద్దున్న చలం పళ్లు తోముకుంటూ పెరట్లో కూలిపోయాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు. బతికాడు. మాట నిలిచింది, నడక మెల్లగా వచ్చింది. కుడిచేయి రాలేదు. వేళ్లు ముడుచుకోవు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇలా ఎప్పుడైనా జరగొచ్చని, మార్పిడి అయినా జరగదని చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు. ఆ మాట వెనక దాక్కోను. దాక్కోవడం నాకు ఎంత బాగా వచ్చో చెప్పాను కదా.

తర్వాత ఆసుపత్రివాళ్లే రత్నానికి ఒక విషయం చెప్పారు. విజయనగరం వైపు ఇంకో జంట ఉంది, వాళ్లదీ ఇదే ఇబ్బంది, భార్యది భర్తకి సరిపోదు. రత్నం కిడ్నీ అవతల మనిషికి సరిపోతుంది, ఆయన భార్యది చలానికి సరిపోతుంది. పరీక్షలు, అనుమతులు అన్నీ అయ్యాక ఒకే రోజు నాలుగు ఆపరేషన్లూ చేశారు. అందరూ బాగానే లేచారు. ఈ దారి ఏడు నెలల ముందూ ఉంది. అడిగేవాళ్లు లేకపోయారు.

రత్నం నలభై ఎనిమిది కిలోల మనిషి. కుట్లు మానాక ఒకరోజు అడిగాను, "బయమెయ్యలేదేటే?" అని.

"ఎయ్యకేటి వదినా? సంతకం పెట్టమన్నప్పుడు మరీ ఎక్కువేసినాది. డాక్టరమ్మకి అదే సెప్పాను, నాకు బయ్యంగుందండీ అని. ఆవిడ కూకోబెట్టి మొత్తం సెప్పింది. మర్నాడు మళ్లీ అడిగాను, మళ్లీ సెప్పింది." నా చేయి పట్టుకుంది. "నీకు కుదర్లేదు గానీ వదినా, నువ్వు పడ్డ కష్టం నాను సూసాను."

నేను చేయి వెనక్కి తీసుకోలేదు. అది కూడా రాసుకోండి నా మీద.

చలం ఇప్పుడు అదే చోట సామాన్ల గదిలో కూర్చుంటాడు. వెల్డింగ్ పుల్లలు, అద్దాలు, గ్లవ్స్ ఎడంచేత్తో తీసి వేరేవాళ్లకి అందిస్తాడు.

మొన్న ఆదివారం మల్కాపురం వెళ్లాను, చెప్పేద్దామనే. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. వాళ్లింటికి రత్నం వైపు బంధువు ఎవరో వచ్చి ఉన్నాడు. చలం ఎడంచేత్తో స్పూను పట్టుకుని చేపల పులుసు అన్నం తింటూ నన్ను చూపించి ఆయనతో అన్నాడు, "మా అప్ప నాకోసం ఏడాది నడిసింది బావా." ఆయన నాకు దండం పెట్టాడు.

నేను ప్రతిదండం పెట్టి, వంటింట్లోకి వెళ్లి, కాసేపు గిన్నెలు సర్ది, తిరిగొచ్చేశాను.

చెబితే వాడు ఏమంటాడో నాకు తెలుసు. క్షణం ఆలోచించకుండా "పోనీలెప్పా" అంటాడు. మళ్లీ నన్నే ఓదారుస్తాడు. అది నేను భరించలేను, ఇంకోసారి వాడి దగ్గర తీసుకోలేను. అందుకే చెప్పలేదని అనుకుంటున్నాను. ఇది నిజమేనా, ఇదీ ఒక సాకేనా? రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి నాలో, తేడా పట్టుకోలేకపోతున్నాను.

చెప్పాల్సింది చిన్న మాట. నాకు భయమేసింది. ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పకుండా, జబ్బు మనిషికి రోజూ అంకెలు పంపించాను.

పై మూడు వాక్యాలు పొద్దుటి నుంచి రాసి కొట్టేస్తున్నాను. ఇప్పుడు కొట్టేయలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చదివారు, చాలు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో బండి కడుగుతున్నారు. చాన్నాళ్ల తర్వాత ఊపిరి లోపలి దాకా వెళ్తోంది.